బోరు నీళ్లు, హన్మకొండ అద్దాలు

ఇంకో వారం పది రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. హన్మకొండలో బట్టల దుకాణాలోళ్లందరికీ అద్దాలు యాదికొచ్చే రోజులివి. ఇయ్యాల చౌరస్తా దగ్గర మూడంతస్తుల షోరూం పని పట్టినం. ముందు భాగమంతా గాజే, తూర్పు ముఖం. అందుకే పొద్దున దాన్ని ముట్టుకోలేదు. వెనుక పడమటి దిక్కున్న మెట్ల కిటికీలతోని మొదలుపెట్టి, ఎండ తిరిగినంక ముందుకొచ్చినం. ఎండ పడే అద్దానికి సబ్బునీళ్లు పెడితే వైపర్ చేతికి తీసుకునేలోపే ఆరిపోతయ్. ఆరిన సబ్బు చార పోవాలంటే మళ్ల మొదటికెళ్లి చెయ్యాల్సిందే. ఈ పనిలో నీడ ఎటుంటే మనం అటు పోవాలె.

మేనేజర్ సార్ కిందికొచ్చి గ్రౌండ్ ఫ్లోర్ అద్దం చూపించిండు. "పోయిన దసరాకు గూడ కడిగించినం. నెల తిరగకముందే గిట్లయింది" అన్నడు. మోకాళ్ల మీద కూసొని, మొఖం అద్దానికి దగ్గర పెట్టి పక్కనుంచి చూసిన. కిందినుంచి నడుము ఎత్తు దాక తెల్లటి చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ గట్టి అంచు, లోపల పల్చగ. గోరుతో గీకితే గరుకు తగిలింది గని ఊడలేదు. నడుము పైన మాత్రం పల్చటి తెల్ల పొర, దాని మీద రోడ్డు దుమ్ము. వాన చుక్కలైతే నడుము దగ్గర ఆగవు కదా. ఇది మనిషి చేతి పనే అని అక్కడే తెలిసిపోయింది. దర్వాజకు అటూ ఇటూ పూలకుండీలున్నయ్. వాచ్‌మన్ కాక పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి రోజూ వాటికి నీళ్లు చిమ్ముతడు. సగం మొక్కలకు, సగం అద్దానికి.

"ఏం నీళ్లు కాకా గవి?"

"బోరువే బిడ్డా. మంచిగుంటయ్. నేను గవే తాగుత."

ఒక మగ్గులో పట్టి, నీళ్లల్లో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచిన. 900 దాటింది. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాక కరిగిన లవణాలు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాక పర్వాలేదంటరు. టీడీఎస్ మట్టుకు చూస్తే కాక తాగేవి ఆ రెండో లెక్కలోకి వస్తయ్. కాని మనిషి ఓర్చుకునే నీళ్లను అద్దం ఓర్చుకోదు. మన దిక్కు నేల కింద అంతా గట్టిరాయి. ఆ రాయి పగుళ్లల్లో ఏండ్ల తరబడి నిలిచిన నీళ్లల్లో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లుగా కరిగి ఉంటయ్. చుక్క ఆరేటప్పుడు నీళ్లు ఆవిరైపోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతది. చుక్క అంచులు తొందరగ ఆరుతయ్ కాబట్టి లోపలున్న ఉప్పు కూడ అంచుకే గుంజుకపోయి అక్కడ పేరుకుంటది. ఆ గుండ్రటి గీత దానిదే. గీజర్ కాయిల్ మీద కట్టే తెల్ల పెచ్చు కూడ ఇదే సరుకు.

నడుము పైనున్న పల్చటి పొర సంగతి కూడ మాటల్లోనే తేలింది. పోయినేడు కడిగినోళ్లు ఇదే బోరు పైపు పెట్టి పైనుంచి కొట్టి, దాన్ని అట్లనే ఆరనిచ్చి పోయిండ్రట. వాళ్లు దుమ్ము తీసి ఉప్పు పెట్టి పోయినట్టే. మన ఊళ్లో అద్దాలను ఎక్కువ పాడు చేసేది దుమ్ము కాదు, నీళ్లు. ఈ మాట నేను ప్రతి ఓనరుకూ చెప్తున్న. అద్దం తుడుచుడంటే రుద్దుడు అనుకుంటరు అందరు. రుద్దేది కొంతనే, నీళ్లను ఒక్క చుక్క మిగలకుండ కిందికి దింపుడే అసలు పని.

"బాత్రూం యాసిడ్ కొడితే నిమిషంలో పోతయ్ గద" అన్నడు సార్. నేను ఒప్పుకోలేదు. ఆ యాసిడ్ అల్యూమినియం ఫ్రేమును తింటది, గడప పాలరాయిని కాలుస్తది, దాని పొగ పని చేసే పిలగాని ఊపిరిలోకి పోతది. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లల్లో కలిపి, గుడ్డను తడిపి అద్దానికి అతికించి కొంచెంసేపు ఉంచినం. నిమ్మ ఉప్పు కూడ పాలరాయికి పడదు కాబట్టి ముందే గడప మీద ప్లాస్టిక్ పరిచినం. ముందు ఒక మూలకు పెట్టి చూసి, ఫ్రేముకు ఏం కాలేదని తెలిసినంకనే మిగతాదానికి పెట్టినం. గుడ్డ తీసేసరికి కొత్త చుక్కలు మెత్తబడి వచ్చేసినయ్. పాతవి కొన్ని రాలేదు. అవి ఇగ అద్దం మీద ఉన్న మరకలు కావు, అద్దానికే పడిన మచ్చలు. వాటికి గాజును నునుపు చేసే సీరియం ఆక్సైడ్ పొడితోని పాలిష్ పట్టాలె. అది వేరే పని, ఖర్చు కూడ వేరే. సార్‌కు దగ్గరుండి చూపించి, ఫోటోలు తీసిచ్చిన.

మా చిన్నబాపు కొడుకు ఈ మధ్యనే పనిలోకొచ్చిండు. ఇయ్యాల వానికి మొదటి అంతస్తు అద్దాలు లోపలి దిక్కునుంచి అప్పజెప్పిన. రాంగనే పొడి గుడ్డ తీసుకొని తుడవబోయిండు. "ఆగు తమ్మీ" అన్న. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీలు తిరిగే ఊరు మనది. ఆ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటది. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో అది 7, మామూలు గాజు ఐదున్నర దగ్గర. పొడిగ రుద్దితే గీతలు పడేది గాజుకే. ముందు తడపాలె, దుమ్మును నీళ్లల్లో తేలనియ్యాలె. బకెట్ నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు చాలు. ఎక్కువ పోస్తే నురగ మిగిలి చారలు కడతది. సబ్బు మురికిని వదిలిస్తది, దాంతోపాటు రబ్బరును అద్దం మీద జారనిస్తది.

వైపర్ పెట్టేముందు పై అంచున రెండు వేళ్ల మందం పొడి గుడ్డతోని ఆరబెట్టిపిచ్చిన. రబ్బరు పొడి చోట మొదలైతే పైనుంచి నీళ్లు కారవు. తర్వాత ఒక పక్కనుంచి ఇంకో పక్కకు, పాము నడక లెక్క తిప్పుకుంట కిందికి దిగాలె. మలుపు దగ్గర వైపర్ లేపొద్దు. లేపిన చోట నీటి గీత నిలుస్తది. రబ్బరు పై కొస ఎప్పుడూ కొంచెం ముందు నడవాలె, అప్పుడే నీళ్లు తుడిచిన దిక్కుకు రాకుండ తుడవని దిక్కుకు పోతయ్. మావాడు బలం పెట్టి ఒత్తుతున్నడు. ఒత్తితే రబ్బరు వంగి దాని చెంప అద్దానికి ఆనుతది, అంచు లేస్తది. నీళ్లను కోసేది అంచే. వాని చెయ్యి మీద చెయ్యి పెట్టి, మణికట్టు వదులు చేయించి రెండు అద్దాలు గుంజిపిచ్చిన. మూడోది వాడే తెచ్చిండు, చార లేదు. వాని మొఖం చూడాల్సింది.

తర్వాత అద్దాలకు మళ్ల ఒక గీత వచ్చింది, ప్రతిసారి అదే జాగల. రబ్బరు తీసి అంచును గోటి మీద నడిపి చూసిన. ఒక దగ్గర వెంట్రుకంత నెర్రె ఉంది. దాని గుండా పోయిన నీళ్లే పైనుంచి కింది దాక గీత గీస్తున్నయ్. రబ్బరు తిరగేసి రెండో అంచు పెట్టినం.

ఇప్పుడు మనం వాడే ఈ తేలిక వైపర్‌కు పేటెంటు తీసుకున్నాయన ఎట్టోరే స్టెకోనే. ఇటలీ నుంచి అమెరికాకు పోయి, అక్కడ కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కిటికీలు తుడిచినాయన. 1936లో ఇత్తడి చట్రానికి ఒకే ఒక్క రబ్బరు అంచు పెట్టి చేసిండు. అంతకు ముందువి బరువైన ఉక్కువి, రబ్బరు మార్చాలంటే డజను మరలు విప్పాలె. పని చేసేటాయనే పనిముట్టును బాగుచేసుకున్నడు. నాకు ఆయన అంటే చానా గౌరవం.

సిమెంటు చుక్కలు, పెయింటు మరకలు రెండో అంతస్తులో ఉన్నయ్. మావాడు బ్లేడు తీసిండు. ముందు అద్దం మూలన ముద్ర ఉందేమో చూడమన్న. ఉంది, టఫెండ్ గ్లాసు. ఆ గాజును 600 డిగ్రీలకు పైన కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగ చల్లబరుస్తరు. కొలిమిలో సన్నటి గాజు పలుకులు దాని మీద అతుక్కొని ఉండొచ్చు. బ్లేడు నడిపితే అవి ఊడి బ్లేడు కింద పడి అద్దమంతా గీకుతయ్. కాబట్టి మరకలను నానబెట్టి, గట్టి ప్లాస్టిక్ అంచుతోని మెల్లగ తీసినం. టైం పట్టింది, పట్టనీ.

మూడో అంతస్తుకు నేనే తాళ్ల మీద దిగిన. డాబా మీద ఇంకో అంతస్తు కోసం వదిలిన పిల్లర్ చువ్వలు తుప్పు పట్టి నిలబడి ఉన్నయ్. చానామంది తాడు వాటికే కడతరు, లేకుంటే నీళ్ల ట్యాంకుకు. నేను కట్టను. పైకి వచ్చిన పిల్లర్ మొదలుకు సిమెంటు మీద చుట్టి ఒక తాడు, వేరే పిల్లర్‌కు రెండోది. ఒకటి దిగేందుకు, ఇంకోటి మొదటిది పోతే పట్టుకునేందుకు. పిట్టగోడ మీద పరిచిన గ్రానైట్ బండ అంచు కత్తి లెక్క ఉంది, దాని మీద మందపాటి గోనె మడిచి తాళ్ల కింద పెట్టినం. పైన ఒక మనిషి లేకుండ ఎవ్వరినీ దిగనియ్యను. బెల్టులో కదలకుండ వేలాడితే కాళ్లల్లో రక్తం నిలిచి మనిషి తొందరగనే స్పృహ తప్పుతడు, గుంజేటోడు ఆ నిమిషంలో అక్కడుండాలె. చెక్క పలక మీద కూసోబెట్టి ఒక్క తాడుతోని పిలగాండ్లను దింపేటోళ్లను ఈ ఊళ్లోనే చూస్తున్న. నాకు కడుపు మండుతది. తక్కువ రేటుకు పని అయిందని సంతోషపడే ఓనర్లు పైకొచ్చి ఆ ముడి ఒక్కసారి చూడాలె.

సాయంత్రం లోపల లైట్లేసినంక రోడ్డవతలికి పోయి నిలబడి చూసిన. పగలు కనబడని చారలు లైట్లల్లో కనబడతయ్. ఫ్రేము కింది మూలల నుంచి రెండు చోట్ల నీళ్లు జారినయ్, వేలికి గుడ్డ చుట్టి తుడిచినం. వాచ్‌మన్ కాక కుండీలను అద్దానికి మూరెడు దూరం జరిపి, ఇగ నుంచి చెంబుతోనే పోస్తనన్నడు. "నా పని తప్పైందా బిడ్డా?" అని అడిగిండు పాపం. మొక్కలు మంచిగ పెంచినవ్ కాకా, నీళ్లదే తప్పన్న.

రేపు కాజీపేట దిక్కు ఒక దవాఖాన. అక్కడ కిందినుంచే పొడుగు కర్ర బ్రష్‌తోని కడుగుడు, వైపర్ ఉండదు, నీళ్లు వాటంతట అవే ఆరాలె. అట్ల ఆరాలంటే నీళ్లల్లో ఏ ఉప్పూ ఉండొద్దు. ఇంటికొచ్చి పరీక్షిస్తే ఆర్వో తర్వాత, మిగిలిన ఉప్పును పట్టే రెజిన్ గుండా వచ్చిన నీళ్లకు మీటర్ 12 చూపించింది. పది దాటితే నేను అద్దం మీద వదలను. రెజిన్ మార్చి డబ్బాలు నింపుడు మొదలుపెట్టిన.