పీఏ పాఠాలు చెబుతూనే డాక్టరేట్ పూర్తి చేశాను

డాక్టర్లతో కలిసి రోగులను పరీక్షించి వైద్యం చేసే మా ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) వృత్తి 1965లో డ్యూక్ యూనివర్సిటీలో మొదలైంది. అమెరికాలో పీఏగా చేరడానికి ఇప్పటికీ మాస్టర్స్ డిగ్రీ చాలు. కానీ పాఠాలు చెప్పడానికి వచ్చాక లెక్క మారుతుంది. పక్క గదుల్లో ఉండే ఫార్మసీ, ఫిజికల్ థెరపీ అధ్యాపకులు డాక్టరేట్ చేసినవాళ్లు. ప్రమోషన్ కమిటీ ముందు ఫైళ్లన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. క్లినిక్‌లో ఏళ్ల అనుభవం, తర్వాత క్లాసులో ఏళ్ల అనుభవం ఉన్నా నా ఫైలు అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగింది.

ఏ డాక్టరేట్ చేయాలో తేల్చుకోవడానికే చాలా సమయం పట్టింది. డాక్టర్ ఆఫ్ మెడికల్ సైన్స్, అంటే డీఎంఎస్సీ, ముఖ్యంగా పీఏల కోసమే వచ్చింది. లించ్‌బర్గ్, లింకన్ మెమోరియల్ యూనివర్సిటీలు దాన్ని మొదట్లో పెట్టినవాటిలో ఉన్నాయి. ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే సాగుతుంది, త్వరగా అయిపోతుంది. క్లినికల్ నాయకత్వం వైపు వెళ్లేవాళ్లకు అది బాగా నప్పుతుంది. డీహెచ్ఎస్సీ, అంటే డాక్టర్ ఆఫ్ హెల్త్ సైన్స్, ఆరోగ్యరంగంలో ఎవరైనా చేసేది. ఇక మిగిలినవి విద్యారంగపు ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్), హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ. పరిశోధనే ప్రధాన వృత్తిగా పెట్టుకునేవాళ్లకు పీహెచ్‌డీయే సరి.

నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. మొదటి ఏడాది క్లాసు పరీక్షలన్నీ గట్టెక్కిన విద్యార్థి, క్లినికల్ రొటేషన్ (ఆసుపత్రి విభాగాల్లో శిక్షణ) చివర పరీక్షలో ఎందుకు తప్పుతున్నాడు? తప్పినవాళ్లను మళ్లీ గట్టెక్కించడానికి మేం చేసే రెమిడియేషన్ నిజంగా పనికొస్తోందా? ఈడీడీలో మన పనిచోట ఉన్న సమస్యనే థీసిస్‌గా తీసుకోవచ్చు. నా ప్రశ్నకు అదే సరిపోయింది.

దరఖాస్తు పెట్టకముందే, ప్రమోషన్‌కు ఏ డిగ్రీలు చెల్లుతాయో మా డీన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాను. ఈ పని ఎవరైనా చేసి తీరాలి. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి, నోటిమాట మీద ఏళ్ల శ్రమ పెట్టలేం. నేను చేరాలనుకున్న చోట పూర్తయిన థీసిస్‌లు కొన్ని ప్రోక్వెస్ట్ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో చదివాను. ఎవరి గైడెన్స్‌లో ఎలాంటి పని వస్తోందో బ్రోషర్ కంటే అవే బాగా చెప్పాయి.

ఫీజులో కొంత నా ఉద్యోగమే భరించింది. యజమాని ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. మాలాంటి ఉద్యోగులకు అది దాటిన మొత్తం చాలాసార్లు జీతంలో కలిసి పన్ను పడుతుంది. సాయం తీసుకుంటే ఇంతకాలం ఇక్కడే పనిచేయాలన్న షరతు కూడా ఉండొచ్చు, సంతకానికి ముందే చూసుకోవాలి.

కోర్సువర్క్ కష్టమనిపించలేదు. అసలు పని ఐఆర్‌బీ, అంటే మనుషుల మీద చేసే పరిశోధనల నైతికతను పరిశీలించే బోర్డు, అనుమతి దగ్గర మొదలైంది. నేను పరిశోధించబోయేది నా విద్యార్థుల మీదే, వాళ్లకు మార్కులు వేసేదీ నేనే. మేడం అడిగితే కాదనగలరా అన్నది బోర్డు ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. దాంతో పద్ధతంతా తిరగరాశాను. విద్యార్థుల సమ్మతి తీసుకోవడం, ఇంటర్వ్యూ చేయడం మా ప్రోగ్రామ్‌తో సంబంధం లేని సహోద్యోగి చూసుకున్నారు. పేర్లు, రొటేషన్ చేసిన ఆసుపత్రులు తీసేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లే, అదీ మార్కులు ఖరారయ్యాక, నా చేతికొచ్చాయి.

వాటిలో ఒక విద్యార్థి మాట నా కళ్లు తెరిపించింది. "తప్పిన ప్రతిసారీ అవే స్లైడ్లు మళ్లీ చదవమన్నారు. నాకు విషయం తెలుసు. రోగి చెప్పే నాలుగు లక్షణాల్లో దేన్ని ముందు పట్టుకోవాలో తెలియలేదు, అది ఎవరూ అడగలేదు." వేర్వేరు మాటల్లో ఇదే విషయం మిగతావాళ్ల దగ్గరా కనిపించింది. మేం విషయజ్ఞానం లోపించిందని మందు వేస్తున్నాం, జబ్బు క్లినికల్ రీజనింగ్‌లో, అంటే లక్షణాల నుంచి రోగాన్ని తేల్చే ఆలోచనలో, ఉంది. థీసిస్‌లో కీలకమైన అధ్యాయం అక్కడి నుంచే పుట్టింది.

ఇవన్నీ నడుస్తుండగా క్లినిక్ వదల్లేదు. పీఏలకు సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ నిలుపుకోవాలంటే రెండేళ్లకోసారి 100 సీఎంఈ (నిరంతర వైద్య విద్య) క్రెడిట్లు చూపాలి, డాక్టరేట్ చేస్తున్నామని దానికి మినహాయింపేమీ ఉండదు. అందుకే సెమిస్టర్‌కు ఒక్క కోర్సు మించి తీసుకోలేదు. ఆలస్యమైనా ఆ నిర్ణయం మంచిదే అనుకుంటున్నాను.

థీసిస్ డిఫెన్స్ (కమిటీ ముందు చివరి మౌఖిక పరీక్ష) అయ్యాక మా ప్రోగ్రామ్‌లో రెమిడియేషన్ మారింది. పరీక్ష తప్పిన విద్యార్థి ఇప్పుడు ముందుగా ఒక కేసును పైకి ఆలోచిస్తూ మా ముందు విప్పి చెబుతాడు, ఎక్కడ తడబడ్డాడో చూశాకే ఏం చదవాలో నిర్ణయిస్తాం. క్లాసులో పిల్లలు నన్ను డాక్టర్ అని పిలుస్తారు. క్లినిక్‌లో మాత్రం రోగికి మొదటి మాటలోనే పీఏనని చెబుతాను. తన ముందున్నది ఏ లైసెన్సుతో వైద్యం చేస్తున్నవాళ్లో తెలుసుకునే హక్కు రోగికి ఉంది.