గరిసెలో వడ్లు, కిటికీకి గాజు: నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అనుభవం

మొన్న శుక్రవారం పీహెచ్‌డీ ఎంపిక జాబితాలో నా నంబరు చూసుకున్నాను. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఫిజికల్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చినా ఏడాదిపాటు ఇంటర్వ్యూలలో నిలవలేకపోయిన నాకు ఇది ఎంత ఊరటో అదే దారిలో ఉన్న మీకు విడమరచి చెప్పనక్కరలేదు. రాతపరీక్ష సంగతి మీకు తెలిసినదే కనుక వదిలేసి, నిరుడు నేను తప్పిన ఒక ఇంటర్వ్యూ గురించే రాస్తున్నాను.

గాజు, రేణు పదార్థాల (ఇసుక, ధాన్యం వంటి గింజల రాశుల) మీద పనిచేయాలని ఉందని దరఖాస్తులోనే రాశాను. ఒక ఆచార్యులు, "పది మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వ్యాసం ఉన్న గరిసె నిండా వడ్లు పోస్తే అడుగున పీడనం ఎంత?" అని అడిగారు. నేను ఆలోచించకుండా సాంద్రత, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధాన్ని బోర్డు మీద రాశాను. "అది నీళ్లకు చెల్లుతుంది" అన్నారాయన. ఆ తరువాత నా నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి 1895లో జర్మన్ ఇంజనీరు యాన్సెన్ చేసిన లెక్కను మొదటినుంచి నేనే చేసి చూశాను. గింజలు కిందికే కాక పక్కలకూ నెట్టడంవల్ల గోడ దగ్గర ఘర్షణ పుట్టి, పైబరువులో చాలా భాగాన్ని గోడే మోస్తుంది. ఘర్షణ గుణకం 0.4 అనీ, పక్క ఒత్తిడికి నిలువు ఒత్తిడితో గల నిష్పత్తి 0.5 అనీ తీసుకుంటే, పది మీటర్లు పోసినా అడుగున పడేది సుమారు రెండున్నర మీటర్ల వడ్ల బరువే. ఇంకా పోస్తే ఆ భారమంతా గోడ మీదికే పోతుంది.

అక్కడితో ఆగలేకపోయాను. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువును దాని వ్యాసమంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి, గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తికి దాదాపు మూడు లక్షల కోట్ల రెట్లు. గదిలోని వేడి రేణువులను కదిలించలేదు; అందుకే ఇసుకకుప్ప తనంతట తాను సమతాస్థితిని (ఇక మార్పు లేకుండా కుదురుకున్న స్థితిని) వెతుక్కోలేదు. గాజులో అణువులు కదలగలవు గాని, చల్లబడేకొద్దీ స్నిగ్ధత (పారకుండా అడ్డుపడే గుణం) పదికి పన్నెండో ఘాతం పాస్కల్-సెకన్ల దాకా పెరిగి ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది. అమరిక మాత్రం ద్రవంలాగే క్రమరహితంగా ఉంటుంది. ఇసుకకుప్పనూ గాజునూ ఉష్ణోగ్రత, సాంద్రత, ఒత్తిడి అనే మూడు అక్షాల మీద ఒకే చిత్రంలో చూడవచ్చని 1998లో భౌతిక శాస్త్రవేత్తలు లియు, నాగెల్ సూచించారు. ఆ చిత్రం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సిలబస్‌లో లేనిదానికి ఆరు వారాలు ఎందుకని మిత్రులు మందలించారు. ఆ ఆరు వారాలే నాకు స్టాటిస్టికల్ మెకానిక్స్ (అసంఖ్యాక కణాల సమష్టి ప్రవర్తనను లెక్కగట్టే శాస్త్రం) నేర్పాయని ఇప్పటికీ అంటాను. సమతాస్థితి అంటే ఏమిటో తెలియకుండా ఆ శాస్త్రంలో లెక్కలకు ఆధారమైన పార్టిషన్ ఫంక్షన్లు ఎన్ని కట్టినా లాభం లేదు. రోజూ ఒక్క లెక్కనైనా పుస్తకం మూసి, చివరి అంకె దాకా చేయండి. పరిష్కారం చదివి తల ఊపడం చదువు కాదు.

ఈసారి ఇంటర్వ్యూలో గరిసె అడుగున రంధ్రం తెరిస్తే గింజలు ఎంత వేగంగా కారతాయని అడిగారు. నిండుగా ఉన్నంతకాలం ఎత్తు ప్రభావం దాదాపు ఉండదని చెప్పి, ప్రవాహరేటు రంధ్ర వ్యాసపు రెండున్నరవ ఘాతంతో పెరుగుతుందని మితీయ విశ్లేషణతో (రాశుల ప్రమాణాలను సరిపోల్చే పద్ధతితో) రాబట్టాను. రంధ్రం గింజకు రెండు మూడు రెట్లే ఉంటే ఏమవుతుందని అడిగితే, గింజలు కమాను కట్టుకుని నిలిచిపోతాయని బొమ్మ గీసి చూపించాను.