సూళ్లూరుపేట లోకల్‌లో రాయపురం

విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే రైళ్లలో తిరిగేవాళ్లు ఇంజన్ పక్కన పెయింటుతో రాసిన ‘రాయపురం’ అనే పేరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఆ ఇంజన్ చెన్నైలోని రాయపురంలో ఇంజన్లను చూసుకునే ఎలక్ట్రిక్ లోకో షెడ్‌ది అని దాని గుర్తు. అదే పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. మనం ఎక్కే ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. లోకల్ బండ్లు మాత్రం వచ్చి, కాసేపు ఆగి వెళ్లిపోతుంటాయి. దక్షిణ భారతదేశంలో మొట్టమొదటి పాసింజర్ రైలు కదిలింది ఆ స్టేషన్ నుంచే అని తెలిసినప్పటి నుంచి దాన్ని చూడాలని మనసులో ఉంది. చెన్నైలో పని పడినప్పుడల్లా సెంట్రల్‌లో దిగడం, ఆటో ఎక్కడం, పని చూసుకుని వచ్చేయడం, ఇంతే అయ్యేది. ఈసారి వేరే పనేమీ పెట్టుకోకుండా ఆ స్టేషన్ కోసమే బయల్దేరాను.

లోకల్ స్టేషన్‌ని చూడాలంటే లోకల్‌లోనే వెళ్లాలనిపించింది. ఆంధ్రా వైపు నుంచి అలా వెళ్లే వీలున్న ఊరు సూళ్లూరుపేట. చెన్నై సబర్బన్ రైళ్లు రాష్ట్ర సరిహద్దు దాటి అక్కడి దాకా వస్తాయి. శ్రీహరికోటకు దారి ఈ ఊరి మీదుగానే కాబట్టి చాలామందికి రాకెట్ ప్రయోగాలప్పుడు మాత్రమే ఈ పేరు వినిపిస్తుంది. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తే ఊరి రోజువారీ బతుకు కనిపిస్తుంది. క్యారియర్ సంచులు పట్టుకున్న ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రి ఫైళ్లు చంకన పెట్టుకున్న ముసలివాళ్లు, వాళ్ల వెంట వచ్చిన కొడుకులు, కూతుళ్లు. చెన్నై ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. బండి అన్ని స్టేషన్లలో ఆగుతూ రెండు గంటలకు పైగా తీసుకుంటుంది. అయినా సీజన్ టికెట్ మీద రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు.

కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. బండి కదిలాక తనే పలకరించాడు.

“యాడికి పోతుండావు నాయనా?”

“రాయపురం పెద్దాయనా.”

“ఆడ మనోళ్లెవురన్నా ఉండారా?”

“ఎవరూ లేరు. ఆ స్టేషన్ చూద్దామని వెళ్తున్నా.”

ఆయన నా వైపు కాసేపు చూశాడు. దక్షిణాదిలో మొదటి రైలు కదిలింది అక్కడి నుంచే అని చెప్పాను. పారిస్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టులో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాడట. చెన్నైలో ప్యారీస్ కార్నర్‌ని అందరూ పారిస్ అనే అంటారు. కొరుక్కుపేటలో దిగి బీచ్ బండి పట్టుకుంటానని, ఆ దారిలోనే రాయపురం వస్తుందని చెప్పాడు. “పాతదని తెలుసు గానీ, అంత ముందుదని తెలవదు నాయనా. రోజూ దాని ముందర్నుంచే పోతుండా” అన్నాడు.

అక్కంపేట, తడ దాటాక ఆరంబాక్కం వస్తుంది. అక్కడి నుంచి తమిళనాడు. స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వస్తుంది గానీ పెట్టెలో మాటలు ఏమీ మారవు. ఇటు సగం తెలుగు, అటు సగం తమిళం, మధ్యలో రెండూ కలిసిన మాట ఒకటి గుమ్మిడిపూండి దాకా, ఆ తర్వాత కూడా నడుస్తూనే ఉంటుంది. తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీలు వచ్చాక చెన్నై వైపు నుంచి ఇటు వచ్చేవాళ్లు కూడా పెరిగారని పెద్దాయన చెప్పాడు. ఒకప్పుడు పొద్దున బండి అటు నిండుగా పోయి ఇటు ఖాళీగా వచ్చేదట.

పొన్నేరి, మీంజూరు దాటేసరికి నిలబడటానికి కూడా చోటు లేదు. అత్తిపట్టు దగ్గర థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనపడతాయి. తర్వాత ఎన్నూరు దగ్గర బండి నీళ్ల మీదుగా దాటింది. ఆ తీరం వెంబడే బకింగ్‌హాం కాలువ వెళ్తుంది. ఈ కాలువ గురించి తెలుగువాళ్లు మర్చిపోతున్నారని నాకు ఎప్పుడూ బాధ. 1806లో మద్రాసు దగ్గర చిన్న కాలువగా మొదలై, మెల్లగా ఉత్తరానికి ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదగంజాం దాకా సాగి, కృష్ణా, గోదావరి కాలువలతో కలిసింది. 1877-78 కరువులో పని లేనివాళ్లకు కూలి ఇచ్చి దీనిలో కొంత భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నర్ పేరే కాలువకు పెట్టారు. మన డెల్టాల బియ్యం పడవల మీద చెన్నపట్నం చేరింది ఈ దారినే. నేను వెళ్తున్న ఈ రైలు మార్గం వచ్చింది ఆ తర్వాత. విజయవాడను, చెన్నైని కలిపే లైను 1899లో పూర్తయింది.

కాలువా, రైలా అనే వాదన వచ్చినప్పుడు సర్ ఆర్థర్ కాటన్ కాలువల పక్షాన నిలబడ్డాడు. దేశంలో రైళ్ల మీద పెట్టే డబ్బు నీటి దారుల మీద పెడితే పంటకూ సరుకు రవాణాకూ రెండిటికీ పనికొస్తుందని ఆయన నమ్మకం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. విశేషం ఏమిటంటే, మద్రాసు పొలిమేరల్లో రెడ్ హిల్స్ నుంచి రోడ్లకు రాయి తోలడానికి 1837లో వేసిన చిన్న రైలుమార్గం వెనక ఉన్నదీ ఆయనే. భారతదేశంలో మొదటి రైలుమార్గంగా దాన్నే చెబుతారు. అది జనాన్ని ఎక్కించుకునే రైలు కాదు, రాళ్ల బండి. మద్రాసుకు జనం రైలు రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు దాదాపు పట్టింది. ఆ రైలు రాయపురం నుంచే బయల్దేరింది.

కొరుక్కుపేటలో పెద్దాయన నన్ను చెయ్యి పట్టి దింపినంత పని చేశాడు. అక్కడ లైను రెండుగా చీలుతుంది. ఒకటి బేసిన్ బ్రిడ్జి మీదుగా సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌కి, రెండోది వాషర్‌మన్‌పేట, రాయపురం మీదుగా బీచ్ స్టేషన్‌కి. బీచ్ బండి ఎక్కి నిలబడ్డామో లేదో రాయపురం వచ్చేసింది. “జాగ్రత్త నాయనా, తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం రష్‌లో ఎక్కబాక” అని పెట్టెలోంచే చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

దిగినవాళ్లంతా ఎవరి తొందరలో వాళ్లు వెళ్లిపోయారు. నేను మాత్రం పాత భవనం కేసి నడిచాను. ఎర్రటి గోడలు, వాటి ముందు వరసగా తెల్లటి ఎత్తైన స్తంభాలు. ఇప్పుడు కట్టే స్టేషన్లతో పోలిస్తే పెద్దదేమీ కాదు. కానీ స్తంభాల మధ్య నుంచి చూస్తుంటే, ఇది రైలు కోసం వేచి ఉండే చోటు అని కాకుండా ఒక కొత్త విషయాన్ని లోకానికి చూపించడానికి కట్టిన మంటపం అనిపించింది. 1856లో మద్రాసు జనానికి రైలు అంటే అలాంటి విషయమే మరి. దీని నమూనా గీసింది విలియం అడెల్ఫీ ట్రేసీ.

మద్రాస్ రైల్వే కంపెనీ 1845లో ఏర్పడింది. 1853లో పనులు మొదలయ్యాయి. 1856 జూన్ 28న గవర్నర్ లార్డ్ హారిస్ ప్రారంభోత్సవం చేశాడు. జులై 1 నుంచి మామూలు ప్రయాణికులకు రైలు నడిచింది. రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు దాకా, సుమారు 100 కిలోమీటర్లు. అప్పటికి మద్రాసుకు హార్బర్ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే, అలల మీద నుంచి మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు చేర్చేవాళ్లు. పట్టాలు, యంత్రాలు ఇంగ్లండు నుంచి రావాల్సిన రోజుల్లో ఈ తీరం మీద రైలు వేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ముంబైలో 1853లో, హౌరాలో 1854లో రైళ్లు మొదలయ్యాయి. ఆ మొదటి స్టేషన్ల అసలు కట్టడాలు ఇప్పుడు లేవు. అందుకే దేశంలో నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో రాయపురమే అన్నిటికంటే పాతది. ఇంత పెద్ద మాట చెప్పుకోదగ్గ చోటికి వచ్చి, దీని గురించి ఎవరినైనా అడుగుదామని చూస్తే, అందరూ టైమ్ చూసుకుంటూ పరుగెత్తేవాళ్లే. వాళ్లను తప్పుబట్టలేం. లోకల్ తప్పిపోతే ఆఫీసుకి లేటవుతుంది.

ఇక్కడ నిలబడి నేను ఎక్కువగా ఆలోచించింది రాయలసీమ గురించి. చెన్నైవాళ్లు రాయపురాన్ని తమ ఊరి గొప్పగా చెప్పుకుంటారు, అది న్యాయమే. కానీ ఇది మన చరిత్ర కూడా. మద్రాస్ రైల్వే కంపెనీ తన మొదటి లైను మీద అరక్కోణం దగ్గర చీల్చి 1862లో రేణిగుంట దాకా పట్టాలు వేసింది. అవే కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా సాగి 1871లో రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిశాయి. రేణిగుంట, గుంతకల్లు అనగానే మనకు జంక్షన్లు గుర్తొస్తాయి. ఆ జంక్షన్లకు మూలం ఈ చోటే. కోస్తా జిల్లాలకు చెన్నై నుంచి నేరుగా రైలు రావడానికి 1899 దాకా ఆగాల్సి వచ్చింది. సీమకు ఒక తరం ముందే వచ్చేసింది. మన స్కూలు పుస్తకాల్లో ఈ సంగతి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1873లో సెంట్రల్ స్టేషన్ వచ్చాక రాయపురం వెనకబడింది. 1908లో ఎగ్మోర్ కూడా తయారైంది. అదే ఏడు ఏర్పడిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకు 1922 దాకా ఇక్కడే హెడ్డాఫీసు ఉండేది. తర్వాత అదీ వెళ్లిపోయింది. హార్బర్ సరుకు, యార్డు, షెడ్డు, వీటితోనే చాలాకాలం గడిచింది. భవనం పాడుబడుతుంటే స్థానికులు, వారసత్వ కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్లు గొడవ చేశారు. చివరికి బాగుచేసి 2005లో మళ్లీ ప్రారంభించారు. చెన్నైకి ఇంకో పెద్ద టెర్మినల్ కావాలంటే రాయపురాన్నే చెయ్యాలనే డిమాండ్ కూడా చాలా ఏళ్లుగా ఉంది. చుట్టూ రైల్వే స్థలం ఉంది, హార్బర్ పక్కనే ఉంది, ఉత్తర చెన్నై జనానికి దూరపు రైళ్లు దగ్గరవుతాయి. ఆ కోరికలో అన్యాయం ఏమీ లేదు. నాకు మాత్రం ముందు ఒక చిన్న పని జరగాలనిపిస్తుంది. ఈ భవనం చరిత్రను తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో రాసిన ఒక మంచి బోర్డు లోకల్ ఆగే ప్లాట్‌ఫాం మీదే పెట్టాలి. పారిస్ కొట్టులో లెక్కలు రాసే పెద్దాయన రోజూ చదువుకునేలా.

స్టేషన్ ఇప్పుడు చేసే సేవ కూడా తక్కువది కాదు. బీచ్ నుంచి అరక్కోణం వైపు, గుమ్మిడిపూండి వైపు వెళ్లే లోకళ్లు ఇక్కడ ఆగుతాయి. కాశిమేడు చేపల రేవు దగ్గర్లోనే. బుట్టలతో ఎక్కే ఆడవాళ్లు, హార్బర్ పనివాళ్లు, కాలేజీ పిల్లలు దీన్ని వాడుకుంటారు. సబర్బన్ రైళ్లలో కనీస ఛార్జీ 5 రూపాయలే కాబట్టి కూలికి వెళ్లేవాళ్లకు ఇంతకంటే చవకైన దారి లేదు. ఆడవాళ్లకు వేరే పెట్టెలున్నాయి. పొద్దున, సాయంత్రం రద్దీలో మాత్రం అవి కూడా చాలవు.

తర్వాతి బండిలో బీచ్ స్టేషన్‌కి వెళ్లాను. ఒక్క స్టాపే. దక్షిణాన ఎలక్ట్రిక్ లోకల్ మొదలైంది అక్కడి నుంచే, 1931లో తాంబరం దాకా. అవి పట్టాల మధ్య ఎడం తక్కువుండే మీటర్ గేజ్ బండ్లు. 2004లో వాటి కాలం అయిపోయి అంతా బ్రాడ్ గేజ్ అయింది. 2025లో బీచ్ నుంచి చెంగల్పట్టు దాకా ఏసీ లోకల్ కూడా వచ్చింది. మొదటి రైలు బయల్దేరిన చోటికీ మొదటి ఎలక్ట్రిక్ లోకల్ బయల్దేరిన చోటికీ మధ్య ఒక్క స్టాపు దూరమే ఉండటం నాకు చాలా నచ్చింది. రైళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు ఒక్క పూటలో రెండూ చూడొచ్చు.

చెన్నై సెంట్రల్‌లో దిగి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి బయల్దేరే లోకళ్లు రాయపురం మీదుగా వెళ్లవు. రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో బీచ్ వైపు బండి ఎక్కితే, ఫోర్ట్ తర్వాత బీచ్ వస్తుంది. అక్కడ అరక్కోణం లేదా గుమ్మిడిపూండి బండికి మారాలి. మొదటి స్టాపే రాయపురం. పదిన్నర దాటాక వెళ్తే రద్దీ తగ్గి, భవనాన్ని నింపాదిగా చూడొచ్చు.