సగం డాబాకు సున్నం: ఎండ లెక్కల పుస్తకం

ఏప్రిల్ 6, ఖమ్మం
వెలుతురును కొలిచే లక్స్ మీటర్ వచ్చింది. సెన్సర్ విడిగా వైరుకు ఉన్న రకం. దాన్ని మీటరు పొడవు పీవీసీ పైపు చివర టేపుతో కట్టాను, లేకపోతే మన నీడే పడి లెక్క పాడవుతుంది. సెన్సర్‌ను ఆకాశం వైపు పెట్టి ఒక రీడింగ్, మోకాలెత్తున నేలవైపు తిప్పి ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే పడిన వెలుతురులో ఎంత వంతు వెనక్కి పోతోందో తెలుస్తుంది. దీన్నే ఆల్బిడో అంటారు. మబ్బు పట్టిన రోజు కొలవొద్దు, రెండు రీడింగ్‌ల మధ్యలోనే వెలుతురు మారిపోతుంది. తెల్ల లుంగీ కూడా వద్దు.

పాత సిమెంటు డాబా: పైన 1,05,000, కింద 24,000. అంటే 0.23. ముప్పావు వంతుకు పైగా వెలుతురును స్లాబే తాగేస్తోంది.

ఏప్రిల్ 9
పడకగది మీది సగానికే సున్నం వేశాను. సున్నం రాళ్లు ముందురోజే నీళ్లలో వేశాను, కుతకుత ఉడికాయి. పాత చీరలో వడగట్టి, గంజి, కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు. కళ్లద్దాలు తప్పనిసరి, ఒక చుక్క ఎగిరి అద్దం మీదే పడింది.

ఏప్రిల్ 12
పూత ఆరింది. పైన 1,08,000, కింద 81,000. సరిగ్గా 0.75! మధ్యాహ్నం ఒంటిగంటకు టెంపరేచర్ గన్‌తో చూస్తే పాత సగం 59 డిగ్రీలు, సున్నం సగం 45. సాయంత్రం ఆరింటికి కింద సీలింగ్ పాత సగం కిందున్న హాల్లో 40, పడకగదిలో 36.5.

గన్ ఒకచోట మోసం చేసింది. ఎండలో పెట్టిన స్టీలు పళ్లెం 24 డిగ్రీలని చూపిస్తే నమ్మి చెయ్యి పెట్టాను. వేలు చురుక్కుమంది. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా పెద్దగా బయటికి వదలదు, పైగా అద్దంలా ఆకాశాన్నే గన్‌కు చూపిస్తుంది. పళ్లెం మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి చూస్తే 56.

ఏప్రిల్ 20
ఈ రాత్రి కరెంటు లేదు, భూమి లెక్క వేశాను. వాతావరణం పైన సూర్యుడికి ఎదురుగా ఉన్న చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు వస్తాయి. గుండ్రటి భూమి మొత్తానికి పంచితే సగటున 340. అందులో దాదాపు 30 శాతం మబ్బులు, మంచు, ఇసుక, గాలి కలిసి వెనక్కి కొడతాయి. ఆ 0.30 కాస్తా 0.29 అయితే ప్రతి చదరపు మీటరుకు 3.4 వాట్లు అదనంగా లోపలే ఉండిపోతాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే లోపల ఉండిపోయే అదనపు వేడి కూడా చదరపు మీటరుకు దాదాపు 4 వాట్లే. సూర్యుడి వెలుగు సుమారు 11 ఏళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుంది, ఆ తేడా 0.1 శాతమే, వీటి ముందు చిన్నదే. ఆర్కిటిక్‌లో మంచు కప్పిన సముద్రం 80 శాతం దాకా ఎండను వెనక్కి పంపితే, మంచు కరిగి బయటపడిన నీళ్లు పంపేది పదో వంతు కూడా ఉండదు. ఆ తాగిన వేడి మరింత మంచును కరిగిస్తుంది. దీన్ని చదివినప్పటికంటే వేలు కాల్చుకున్నాక బాగా అర్థమైంది.

మే 3
గాలిదుమారం వచ్చి డాబా అంతా ఎర్రదుమ్ము. సున్నం సగం 0.64కి పడిపోయింది. హిమాలయాల మంచు మీద దుమ్ము, మసి పడితే త్వరగా కరగడం ఇందుకేనన్నమాట. ఊడ్చి రెండు బకెట్ల నీళ్లు కొడితే 0.72కి వచ్చింది.

పళ్లాల్లో మట్టి కూడా కొలిచాను. నల్లరేగడి 0.09, ఎర్రమట్టి 0.17, వేపాకు 0.07. వేపాకు అంకెను మాత్రం నమ్మొద్దు. లక్స్ మీటర్ కంటికి కనబడే వెలుతురునే చూస్తుంది. ఎండలో దాదాపు సగం కనబడని పరారుణం, ఆకులు దాన్ని బాగా వెనక్కి కొడతాయి. పచ్చటి పంట అసలు ఆల్బిడో 0.2 దరిదాపుల్లో ఉంటుంది. సరైన పరికరం పరారుణంతో సహా ఎండను కొలిచే పైరానోమీటర్, ధర చూసి పేజీ మూసేశాను.

మే 11
తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ (ఎండను వెనక్కి కొట్టే చల్లటి పైకప్పుల విధానం) తెచ్చిందని అమ్మకు చెప్పడం నా తప్పే. "మరి మన హాలు మీద ఎప్పుడు వేస్తావురా? నువ్వు చల్లగా పడుకుంటే మేం ఉడకాలా?" అంది. పోల్చి చూడటానికి పాత సగం కావాలమ్మా అంటే వినలేదు. చివరికి ట్యాంకు పక్కన మూడడుగుల చదరం వదిలి, మిగతాదంతా ఆదివారం సున్నం.