నోట్‌బుక్‌లో 76

మా మేనకోడలు నరసన్నపేట నుంచి వచ్చి రెండేళ్లుగా వైజాగ్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. పదహారేళ్లు. పరిగెత్తేది 800 మీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి స్కూటీ మీద గ్రౌండ్‌లో దింపడం నా పని.

మంచం దిగకముందే పల్స్ లెక్కపెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలని వాళ్ల కోచ్ సార్ నియమం. మామూలుగా 62, 63 ఉంటుంది. కిందటి నెలలో వారం రోజులు వరసగా 74, 76. జ్వరం లేదు, జలుబు లేదు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటోందమ్మా?" అని సార్ అడిగితే, పదింటికల్లా లైటు ఆర్పేస్తుందని చెప్పాను. లైటు ఆర్పడం నిజమే.

అంతకు ముందు ఒక మీట్‌లో ఆఖరి వంద మీటర్లలో కాళ్లు బరువెక్కి, రెండో స్థానం నుంచి ఆరో స్థానానికి వచ్చేసింది. ఎవరో అది ఫోన్లో తీసి, నవ్వే బొమ్మలు తగిలించి రీల్ పెట్టారు. పిల్ల దుప్పటి ముసుగేసుకుని రోజూ అదే చూసుకునేదట. తరవాత కింద కామెంట్లు. ఆ తరవాత తన వయసు పిల్లల టైమింగులు వెతకడం. రాత్రి రెండు, మూడు అయ్యేది. నేను కాలేజీలో కబడ్డీ ఆడే రోజుల్లో ఓడిపోతే బస్సులో ఏడ్చి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేదాన్ని. దీనికి ప్రతి రాత్రీ అదే రేసు, ప్రతి రాత్రీ ఆరో స్థానమే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

నేను మొదట చేసింది తప్పు. 2016 రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ గారు సింధు దగ్గర మూడు నెలలు ఫోన్ ఉండనివ్వలేదని గుర్తొచ్చి, దీని ఫోన్ కూడా లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. రాత్రిళ్లు వాళ్లమ్మతో మాట్లాడేది ఆ ఫోన్లోనే. రెండో రోజుకి తిండి మానేసింది. సింధు పక్కన రోజూ గోపీచంద్ ఉన్నారు. నేను తాళం వేసి ఆఫీసుకి వెళ్లిపోయాను.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416కి ఫోన్ చేశాం. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. నన్ను గదిలోంచి వెళ్లమని అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. ఆ రాత్రి మాత్రం అన్నం తింది.

తను ఫోన్లో దాచుకున్న వీడియోల్లో సగం మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీవే. ఒకరోజు పక్కన కూర్చుని అవన్నీ చూశాను. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పూర్తి చేసింది. వెనక నుంచి తోసే గాలి వేగం సెకనుకి 2.0 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. రికార్డు లెక్కలోకి రాలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23తో జాతీయ రికార్డు కొట్టింది. 12.78 వచ్చింది 2023లో.

"ఆ మధ్య రోజుల్లో ఎలా నిద్రపోయిందో ఈ వీడియోల్లో ఉందా బుజ్జీ?" అన్నాను.

"లేదత్తా," అంది. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు.

ఆ రీల్ మీద రిపోర్ట్ కొట్టాం, ఇంకా అలాగే ఉంది. తొమ్మిదింటికి ఫోన్లు రెండూ, నాదీ తనదీ, హాల్లో ఫ్రిజ్ మీద ఛార్జింగ్ పెడుతున్నాం. నిన్న నోట్‌బుక్‌లో 65 ఉంది. మొన్న 71. అర్ధరాత్రి లేచి హాల్లోకెళ్లి ఆ రీల్ ఒక్కసారి చూసిందట. నేను అడగలేదు, స్కూటీ మీద వెళ్తుంటే తనే చెప్పింది.