అల్గాల్ గ్రహణం ఆలస్యమైతే

దసరా దాటినంక మా పరకాల వైపు రాత్రిపూట కృత్తికలకు ఉత్తరాన చూస్తే అల్గాల్ అనే చుక్క కనిపిస్తుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు మూడో వంతుకు పడిపోయి, పది గంటల్లో మళ్లీ మామూలైపోతుంది. హనుమకొండ లైట్ల నడుమ మిద్దె మీద నిలబడ్డా ఈ తేడా కంటికి తెలుస్తుంది.

1783లో ఇంగ్లండులోని యార్క్‌లో జాన్ గుడ్రిక్ అనే 18 ఏళ్ల బధిర యువకుడు దీనికో కారణం ఊహించాడు: ఏదో చీకటి గోళం దానికి అడ్డం తిరుగుతుండొచ్చు. 1889లో జర్మనీలో హెర్మన్ వోగెల్ వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) తీసి, ఆ చుక్క మనవైపు వస్తూ పోతూ ఉందని చూపించాడు. జంట ఖాయమైంది.

నన్ను పట్టుకున్నది మాత్రం మూడోది. ఆ జంటతో కలిసి 680 రోజులకో చుట్టు తిరిగే ఇంకో నక్షత్రం. అది గ్రహణంలో పాలుపంచుకోదు.

"కనవడని చుక్కకు సాక్ష్యమేంది బిడ్డా?" అని బాపు అడిగిండు. "రోజూ టైముకొచ్చే బస్సు వేగం తగ్గకుండనే లేటైతే, దారి పెరిగినట్టే గద బాపూ" అన్న. మూడోదాని లాగుడుకు జంట మననుంచి 15 కోట్ల కిలోమీటర్లు వెనక్కి జరిగితే గ్రహణం మనకు 8 నిమిషాలకు పైగా ఆలస్యంగా కనిపిస్తుంది. దగ్గరికొస్తే అంత ముందే. అయితే మన భూమి కూడా సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఇంతే తేడా తెస్తుంది. లెక్కలోంచి ముందు దాన్ని తీసెయ్యాలి. మిగిలిన ఆలస్యాలను ఏళ్లవారీగా గీస్తే, అల లాగా లేచి పడే గీత వస్తే మూడో మనిషి ఉన్నట్టు అనుమానించాలి.

అనుమానమే! అల్గాల్ వంటి జంటల్లో ఒక నక్షత్రం పదార్థం రెండోదాని మీదికి పారుతుంది, దాంతోనూ గ్రహణానికీ గ్రహణానికీ మధ్య కాలం మారుతుంది. నక్షత్రంలోని అయస్కాంత మార్పులూ అలాంటి గీతే గీయగలవు. హెచ్‌డబ్ల్యు వర్జినిస్ అనే జంట చుట్టూ గ్రహాలున్నాయని 2009లో ప్రకటించారు. ఆ కక్ష్యలు నిలకడగా ఉండవని తర్వాతి లెక్కలు తేల్చాయి. సగం అల చూసి తోడు దొరికిందనడం నాకు నచ్చదు. ఒక పూర్తి చుట్టైనా చూడాలి, రెండైతే ఇంకా మేలు.

అందుకే పాత కొలతలంటే నాకు ప్రాణం. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ల తరబడి ఇలాంటి జంటల వెలుగు కొలిచారు. దశాబ్దాలు పట్టే కక్ష్యకు ఆనాటి ఒక్కో గ్రహణ సమయమూ ఇవాళ అక్కరకొస్తుంది. మళ్లీ కొలుద్దామన్నా ఆ రాత్రి రాదు. చుక్కల వెలుగు కొలిచేందుకు 2018లో ఎగిరిన టెస్ ఉపగ్రహం కొలతలైతే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

వరంగల్ చుట్టుపక్కల ట్రైపాడూ కెమెరా ఉన్నవాళ్లు ఈ చలికాలం అల్గాల్ మీద పెట్టండి. గ్రహణం మధ్య ఘడియకు రెండు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల తర్వాత దాకా తియ్యండి. కెమెరా గడియారాన్ని మాత్రం మొదలే ఫోను టైముతో సెకన్ల వరకు సరిచేయండి.