జెల్ మీద రెట్టింపు బరువు: పీడీ-1తో నా అనుభవం

ల్యాబ్‌లో చేరాక నాకిచ్చిన మొదటి పని పీడీ-1 ప్రోటీన్ తయారుచేయడం. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల జోరుకు కళ్లెం వేసే రిసెప్టార్ (కణం పైపొర మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్) ఇది. 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం దీన్ని గుర్తించింది. ఈ కళ్లేన్ని వదులు చేసే మందులే తర్వాత కేన్సర్ చికిత్సను మార్చేశాయి. 2018 నోబెల్ ఆయనకూ జేమ్స్ అలిసన్‌కూ కలిపి వచ్చింది. మాకు మాత్రం రిసెప్టార్ మొత్తం అక్కర్లేదు. కణం బయట ఉండే భాగం, దాని చివర శుద్ధి చేసేటప్పుడు పట్టుకోడానికి హిస్టిడిన్ ట్యాగ్ అనే చిన్న తోక ఉంటే చాలు.

ముందు ఈ.కోలై బ్యాక్టీరియాలో చేశాను. ప్రోటీన్ బోలెడంత వచ్చింది, కానీ అంతా కరగని ముద్దలే. యూరియాలో కరిగించి, మళ్లీ సరిగ్గా మడతపడుతుందేమోనని సన్నటి రంధ్రాల సంచిలో పోసి, యూరియా మెల్లగా బయటికి పోయేలా రాత్రంతా డయాలసిస్‌కి పెట్టాను. పొద్దున్నే చూస్తే సంచిలో విరిగిన పాలలా తెల్లటి తరకలు. ఇలా మూడుసార్లయ్యాక హెక్ 293 అనే మనిషి కణాలకు మారాను. ఆ పని మొదటే చేసి ఉండాల్సింది.

హెక్ కణాలు ప్రోటీన్‌ని మీడియాలోకే, అంటే అవి పెరిగే పోషక ద్రవంలోకే వదులుతాయి. ఆ ద్రవాన్ని హిస్టిడిన్ ట్యాగ్‌ని పట్టుకునే నికెల్ కాలమ్ గుండా పంపి, ఆ పట్టు విడిపించే ఇమిడజోల్‌తో ప్రోటీన్‌ని దింపి, ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద నడిపించాను. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం 17 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) దగ్గర ఉండాలి. అక్కడ ఏమీ లేదు. 30కీ 40కీ మధ్య, తడి వేలితో అలికినట్టు వెడల్పాటి పట్టీ ఉంది. ఒకటే టెన్షన్. వేరే ప్రోటీన్ ఏదో పట్టుకొచ్చాననుకున్నాను.

సీనియర్ అక్క జెల్ చూసి ఒక్క మాటే అడిగింది: "చక్కెరల్ని లెక్కలో వేశావా?"

వేయలేదు. పీడీ-1 బయటి భాగంలో చక్కెర గొలుసులు అతుక్కునే చోట్లు నాలుగున్నాయి. ఒక్కో అణువుకు ఒక్కో పొడవు గొలుసు తగులుతుంది కాబట్టే పట్టీ అలా పరుచుకుంటుంది. కొంత ప్రోటీన్‌ని వేడిచేసి విప్పి, ఆ గొలుసుల్ని తెంచే పీఎన్‌జేజ్ ఎఫ్ ఎంజైమ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర ఉంచి మళ్లీ నడిపాను. అలికినట్టున్న పట్టీ పోయి, 17 దగ్గర సన్నటి గీత! ఆ జెల్ ఫొటో ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో అంటించే ఉంది.

ప్రోటీన్ తన జోడీకి అతుక్కుంటుందో లేదో రంగుతో చూపే ఎలైసా పరీక్ష ఇంకోలా ఏడిపించింది. పీడీ-1 తన జోడీ పీడీ-ఎల్1ని బలహీనంగానే పట్టుకుంటుంది, కేడీ (పట్టు ఎంత బలమో చెప్పే అంకె, ఎక్కువైతే పట్టు తక్కువ) మైక్రోమోలార్లలో ఉంటుంది. విడి అణువులైతే కడిగిన ప్రతిసారీ ఊడిపోతాయి. పీడీ-ఎల్1కి ఎఫ్‌సీ (రెండేసి అణువుల్ని జతచేసే యాంటీబాడీ తోక భాగం) తగిలించి జంటగా వాడాక ప్లేటు బావుల్లో, అంటే చిన్న గుంటల్లో, అతుక్కున్నట్టు నీలం వచ్చింది, ఆమ్లం వేయగానే పసుపైంది. మిగిలిన ప్రోటీన్‌ని ఆ సాయంత్రమే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80లో పెట్టాను.